హేమంతమున పాదచారి

హేమంతఋతువు వచ్చినది. వరిచేలు బంగారువన్నెకు తిరిగి కోతకు వంగినవి. చెరకు గానుగల దారి పట్టినది. మరికొన్ని నాళ్ళలో ధనుర్మాసము, దానివెంట సంక్రాంతి. రైతునకిది ధాన్యము ఇంటికి వచ్చు కాలము. గృహిణికి ముగ్గుల కాలము. భక్తునకు వేకువనే లేచి దేవాలయమునకు పోవు కాలము. ఇట్టి శుభకాలమున అశుభమును గూర్చి వ్రాయవలసి వచ్చినందులకు మాకు సంతోషము లేదు. కాని ఏటేట ఈ ఋతువున కాలినడకను పోవువారు మన రోడ్లపై వాహనములక్రింద పడి మరణించిన వార్తలు జిల్లాలనుండి వచ్చుచునే యున్నవి. అవి మూడు నాలుగు పంక్తులలో ముగియు వార్తలు. 'తెల్లవారుజామున పొగమంచులో గుర్తు తెలియని వాహనము ఢీకొని' అను మాటలు వానిలో తరచుగ కనబడుచుండును. మృతుల పేరులు మారును, ఊరి పేరు మారును. వాక్యము మాత్రము మారదు.

వాహనము గుర్తు తెలియనిదే కావచ్చును. కారణము మాత్రము మనకందరకును గుర్తు తెలిసినదే. ఆ కారణమున మన భాగమెంతయో విచారించుట నేటి మా ఉద్దేశము.

ముందుగ లెక్కలు చూతము. కేంద్ర రవాణామంత్రిత్వశాఖవారు ప్రకటించిన వివరముల ప్రకారము 2022వ సంవత్సరమున మన దేశమున రోడ్డు ప్రమాదములలో 1,68,491 మంది మరణించిరి. అందు 32,825 మంది పాదచారులు. అనగా చనిపోయిన ప్రతి అయిదుగురిలో ఇంచుమించు ఒకరు బండి ఎక్కనివారు, బండి నడుపనివారు, ఎవరికిని అపాయము చేయజాలనివారు. దినమునకు లెక్కించినచో తొంబదిమంది. ఒక పడవ మునిగి తొంబదిమంది పోయినచో దేశమంతయు అట్టుడికిపోవును. మంత్రులు వచ్చుదురు, విచారణసంఘములు వెలయును. ఆ తొంబదిమంది తొంబది వేరువేరు ఊళ్ళలో, ఒక్కొక్కరుగ, చీకటిలో పోయినందున ఎవరికిని పట్టదు.

ఈ అపాయము సంవత్సరము పొడవున నున్నదే. హేమంతమున అది హెచ్చుటకు హేతువులు మూడు. మొదటిది పగటి కురచదనము. నవంబరు చివర విజయవాడలో సాయంకాలము సుమారు 5.35 గంటలకే ప్రొద్దు క్రుంకును. డిసెంబరు మూడవ వారము దాటగనే పగలు పెరుగునని మనమందరము చదువుకొన్నదే. కాని ఆ పెరుగుదల మొదట సాయంకాలముననే కనబడును. ఉదయము మరికొన్ని వారములు వెనుకకు జరుగుచునే యుండును. సంక్రాంతి దినములలో అచట సూర్యోదయము సుమారు 6.40 గంటలకు గాని కాదు. అనగా సంవత్సరమున కెల్ల సూర్యుడు ఆలస్యముగ ఉదయించు దినములే మన స్త్రీలు వాకిట ముగ్గులు వేయు దినములు, మన భక్తులు వేకువపూజలకు పోవు దినములు, మన కూలీలు కోతలకు, కుప్పలకు నడచు దినములు. పాలవాడు, పూలమ్మి, పత్రికలు పంచు బాలుడు, వీధులూడ్చు పారిశుధ్యకార్మికురాలు, మొదటి బస్సు నందుకొనబోవు విద్యార్థి—వీరెవ్వరును వెలుగు వచ్చువరకు ఆగజాలరు.

రెండవది పొగమంచు. ఆకాశము నిర్మలమై, గాలి కదలక, నేల తేమగ నున్న రాత్రి భూమి తన వేడిని విడిచి చల్లబడును. దాని నంటియున్న గాలిలోని తేమ సూక్ష్మమైన నీటిబిందువులై నిలుచును. కావుననే కాలువగట్లు, చెరువుకట్టలు, తడిమాగాణుల నడుమ పోవు బాటలు ముందుగ కప్పబడును. గోదావరి, కృష్ణా డెల్టాలలో నివసించువారికిది వేరుగ చెప్పనక్కరలేదు. అరకులోయయందును, చలిని చూచుటకు యాత్రికులు కార్లలో పోవు లంబసింగి కొండదారియందును పదిగజముల దూరమున నున్న మనుష్యుడు కనబడని ఉదయములు కలవు. ఈ మంచు సూర్యోదయపు వేళకే మిక్కిలి దట్టమై, ప్రొద్దెక్కిన కొలది విడును. వాతావరణశాఖవారు చూపు 200 మీటర్లకు లోబడినచో దట్టమైన మంచనియు, 50 మీటర్లకు లోబడినచో అతి దట్టమైన మంచనియు చెప్పుచున్నారు.

ఈ సంఖ్యల ప్రక్కన మరి రెండు సంఖ్యలను పెట్టి చూడవలెను. గంటకు 80 కిలోమీటర్ల వేగమున పోవు బండి ఒక్క సెకనులో 22 మీటర్లు దాటును. డ్రైవరు ఎదుట మనుష్యుని చూచి, గ్రహించి, బ్రేకు త్రొక్కి, బండి నిలుచుటకు ఆ వేగమున 120 మీటర్ల దూరము కనబడవలెనని ఇండియన్ రోడ్స్ కాంగ్రెసువారి ప్రమాణము. 40 కిలోమీటర్ల వేగమునకు 45 మీటర్లు చాలును. కావున చూపు 50 మీటర్లకు తగ్గిన మంచులో 40 కిలోమీటర్లకు మించి బండి నడుపువాడు కనబడని తావునకు బండిని తోలుచున్నాడన్నమాట. ఆ తావున ఎవరును లేకపోయినచో అది వాని అదృష్టము. ఉన్నచో అది ఆ నడచువాని చావు.

మూడవది మన వేషము. చలికి నల్లకంబళియో, ముదురురంగు శాలువయో కప్పుకొందుము. చెవులు మూసి మఫ్లరు చుట్టుకొందుము. ఆ కంబళి మనలను చీకటిలో కలిపివేయును. ఆ మఫ్లరు వెనుకనుండి వచ్చు బండి చప్పుడును వినబడనీయదు. ఈ కాలపు యువకులు దానిపైని చెవులలో ఇయర్‌ఫోనులు గూడ నుంచుకొనుచున్నారు. కన్ను పనిచేయని వేళ చెవిని గూడ మూసికొనుట యనగా ఇంటికున్న రెండు తలుపులను బిగించి దీపమార్పుకొనుటయే.

ఇంతవరకు చెప్పినదానిని బట్టి పాదచారికి జాగ్రత్తలు బోధించి ఈ వ్యాసమును ముగించుట సులభము. అధికారులు ఏటేట చేయుచున్నదియు నదియే. జాగ్రత్తలను మేమును చెప్పుదుము. కాని అంతకుముందు ఒక ప్రశ్నకు ప్రత్యుత్తరము కావలెను. పాదచారి ఎచ్చట నడవవలెను? రోడ్డు నడుమ నడవరాదు, అంచున నడవవలెనని అందురు. ఆ అంచును మనము వానికి మిగిల్చితిమా?

రెండేండ్ల క్రిందట కోతల దినములలో మేమొక డెల్టా గ్రామమునకు పోయియుంటిమి. ఊరిబయట తారురోడ్డుపై ఇంచుమించు ఒక మైలు పొడవున ధాన్యము ఆరబోసియుండెను. సాయంకాలము కాగనే దానిని రాశులు చేసి, నల్లని పట్టాలు కప్పి, పట్టాలు ఎగిరిపోకుండ చుట్టును బండరాళ్ళు పేర్చిరి. రోడ్డులో సగము రాశులక్రిందను రాళ్ళక్రిందను పోయెను. మరునాడు తెల్లవారకమునుపే ముగ్గురు కూలిస్త్రీలు కొడవండ్లు చేతబట్టుకొని ఆ దారిని కోతకు పోవుచుండిరి. అంచున నడచుటకు అంచు లేదు. రాళ్ళను తప్పించుకొని రోడ్డు నడిమికి వచ్చిరి. మంచులో నొక లారీ వచ్చెను. ఇద్దరు రాశులమీదికి దూకిరి. మూడవ ఆమె ముసలిది, దూకలేకపోయెను. లారీ నిలువలేదు. మరునాటి పత్రికలో వచ్చిన వార్త మూడు పంక్తులు: గుర్తు తెలియని వాహనము.

ఆ రాశులలో మా బంధువులదియు నొకటి. కావున ఇతరులను దూషించుటకు మాకధికారము లేదు. ఆ ఊరివారు దుర్మార్గులు కారు. అంత్యక్రియల ఖర్చు వారే పెట్టుకొనిరి. పెద్దలు కంటతడి పెట్టిరి. 'దాని కర్మ' యనిరి. ఆ మరుసటి సంవత్సరము అదే రోడ్డుపై అదే చోట ధాన్యము మరల ఆరబోసిరి. ఈ తుదివాక్యమును వ్రాయుటకే మేమీ వ్యాసమునకు పూనుకొంటిమి.

రైతు రోడ్డెక్కుటకు కారణములు లేకపోలేదు. పూర్వము వరిని కొడవలితో కోసి, పనలను చేలోనే ఎండనిచ్చి, కుప్ప వేసి, తరువాత కళ్ళమున నూర్చెడివారు. గింజ ఇల్లు చేరునప్పటికి ఎండియుండెడిది. ప్రతి ఊరికి చుట్టును కళ్ళములుండెడివి. పేడతో నలికి, గట్టిపరచి, తరతరములు కాపాడుకొన్న నేల అది. ఇప్పుడు హార్వెస్టరు యంత్రము ఒక్కపూటలో చేనును కోసి పచ్చిగింజను సంచులలో పోయుచున్నది. ప్రభుత్వము కొను ధాన్యమున తేమ నూటికి 17 పాళ్ళు మించరాదు. మించినచో కొనుగోలుకేంద్రమున త్రిప్పిపంపుదురు, లేక తూకమున కోత పడును. తుపాను వచ్చునను భయమొకటి. ఆరబెట్టుటకు కళ్ళము లేదు. అది చేపలచెరువో, ఇండ్లస్థలములో అయినది. కౌలురైతునకు మొదలే నేల లేదు. నల్లని తారురోడ్డు ఎండకు వేడెక్కును, శుభ్రముగ నుండును, అద్దె లేదు. వాడు రోడ్డెక్కక ఏమిచేయును?

కౌలురైతు నిట్లడుగుట న్యాయమే. కాని మా పాఠకులలో అనేకులు కౌలుదారులు కారు, భూస్వాములు. కళ్ళము నమ్మినది వారు. స్థలము వేయించినది వారు. కౌలు పుచ్చుకొనునది వారు. గింజలో పాలున్నవారికి, ఆ గింజ ఆరుటకు చోటు చూపు బాధ్యతలో పాలు లేదా? ఊరికొక సామూహిక కళ్ళమునకు రెండెకరముల సిమెంటు నేల చాలును. పంచాయతీకి బంజరు కలదు. సహకారసంఘమునకు నిధి కలదు. పాఠశాల ఆవరణము సెలవుదినములలో ఖాళీగ నున్నది. రైసుమిల్లులకు విశాలమైన ప్రాంగణములు కలవు. కోతలకు నెల ముందుగ ఊరిపెద్దలు ఒక్క సాయంకాలము కూర్చుండి ఏర్పాటు చేసికొనినచో తీరు పని ఇది. రోడ్డును అడ్డగించి అపాయము కలిగించుట నేరమే. భారతీయ న్యాయసంహిత 285వ సెక్షను దానికి అయిదువేల రూపాయల వరకు జరిమానా విధించుచున్నది. కాని జరిమానాకు భయపడి చేయు పని కాదిది. ఏ కూలి చేతులు ఆ ధాన్యమును కోసినవో, ఆ కూలి కాళ్ళకు బాట విడువవలెనను తలపే చాలవలెను.

పట్టణవాసులు ఈ మాటలు చదివి పల్లెవారిని నిందింతురేమో! వారి వీధిని గూడ ఒకసారి చూతము. ఇండియన్ రోడ్స్ కాంగ్రెసు ప్రమాణము ప్రకారము కాలిబాటపై నడకకు కనీసము 1.8 మీటర్ల వెడల్పు అడ్డంకి లేకుండ నుండవలెను. అనగా ఇద్దరు ఒకరి నొకరు తగులకుండ పోవునంత, చక్రముల కుర్చీ సాగునంత చోటు. మన పట్టణములలో ఆ 1.8 మీటర్లు ఎచ్చట? దుకాణమునకు మెట్లు ఫుట్‌పాతుపైకి వచ్చినవి, మెట్లముందు జెనరేటరు, జెనరేటరు ప్రక్కన గిరాకీదారుల మోటారుసైకిళ్ళు, వానిముందు ప్రకటనల బల్ల. మేడయిండ్లవారు కారెక్కుటకై వాలుదిమ్మ కట్టి కాలిబాటను రెండుగ తెగగొట్టిరి. మూతలేని మురుగుకాలువ చీకటిలో నోరు తెరచియుండును. దీపస్తంభములున్నవి, వానిలో కొన్నింటికి దీపము లేదు. ఇన్నింటిని దాటలేక పాదచారి రోడ్డుమీదికి దిగినచో 'చూచి నడువలేవా' యని హారను మ్రోగింతుము.

ఇచ్చట నొక మాట. కాలిబాటలను ఖాళీ చేయింతుమని చెప్పి ముందుగ చిల్లరవర్తకుల బండ్లను విరుగగొట్టుట మన మునిసిపాలిటీలకు వాడుక. అది మాకు సమ్మతము కాదు. వీధివర్తకుల జీవనమును కాపాడుటకు 2014లో పార్లమెంటు చేసిన చట్టమున్నది. వారికి చోటు కేటాయించి పాదచారికి చోటు మిగుల్చుట సాధ్యమే. నాలుగు చక్రముల కూరలబండి కన్న నాలుగంతస్తుల దుకాణపు మెట్లు ఎక్కువ చోటు తినుచున్నవి. తీయుట పెద్దమెట్లనుండి మొదలుపెట్టవలెను.

2025 మే 14వ తేదీన సుప్రీముకోర్టు కాలిబాటలను వాడుకొను హక్కు రాజ్యాంగము 21వ అధికరణమున చెప్పిన జీవించుహక్కులో భాగమని పలికినది. 2019లో మోటారువాహనముల చట్టమున చేసిన సవరణలలో రోడ్డు నిర్మాణమున ప్రమాణములు పాటింపని అధికారిపైనను కాంట్రాక్టరుపైనను లక్షరూపాయల వరకు జరిమానా విధించు 198-ఏ సెక్షను గలదు. ఏ ఊరిలో మూతలేని కాలువ మనుష్యుని మ్రింగెనో, ఏ రోడ్డుపై దాటుటకు దారి లేక ప్రాణములు పోయెనో, ఆ ఊరి పౌరులు ఈ సెక్షనును పేర్కొని అర్జీలు వ్రాయవలెను. చట్టము పుస్తకములో నిద్రించుట చట్టము తప్పు కాదు, లేపనివారి తప్పు.

జాతీయరహదారుల కథ వేరు. 16వ నెంబరు రహదారియైనను, హైదరాబాదునుండి విజయవాడకు వచ్చు 65వ నెంబరు రహదారియైనను అనేకగ్రామములను నడిమికి చీల్చుకొని పోవుచున్నవి. ఇల్లొకవైపు, పొలమొకవైపు, బడి ఒకవైపు, బస్సు ఆగుచోటు మరియొకవైపు. క్రింది దారి కిలోమీటరు దూరముననున్నప్పుడు, నెత్తిన గడ్డిమోపున్న మనుష్యుడు అంతదూరము పోయి మరల వచ్చునని తలచుట కాగితముపై గీతలు గీయువారికే చెల్లును. వాడు డివైడరు సందులోనుండియే దాటును. దానిని అవిధేయత యందురు. మేము దానిని రహదారి గీయునప్పుడు ఆ ఊరివారిని అడుగనందుకు వచ్చిన ఫలితమందుము. ప్రజలు దాటుచోటనే దారి కట్టవలెను. దారి కట్టినచోటనే ప్రజలు దాటవలెననుట తలక్రిందుల వాదము.

బండ్లు గలవారితో రెండు మాటలు. మంచులో పెద్దలైటు వేసినచో దారి బాగుగ కనబడునని అనేకుల భ్రమ. ఆ కాంతి నీటిబిందువులపై బడి వెనుకకు మరలి డ్రైవరు కన్నులనే కప్పును. ఎదుట తెల్లని గోడ వలె నిలుచును. దీపమును క్రిందికి దించి, వేగము తగ్గించి పోవుటయే మార్గము. వేగమునకును చావునకును గల సంబంధము సామాన్యమైనది కాదు. బండి వేగము గంటకు 50 కిలోమీటర్లనుండి 65 కిలోమీటర్లకు పెరిగినచో, దాని తాకిడికి పాదచారి మరణించు అవకాశము నాలుగున్నర రెట్లగునని ప్రపంచ ఆరోగ్యసంస్థవారు చెప్పుచున్నారు. ఊరు సమీపించినప్పుడు తగ్గించిన పదిహేను కిలోమీటర్లవలన ప్రయాణమున పోవునది ఒకటి రెండు నిమిషములు. చెరకును ధాన్యమును మోయు ట్రాక్టరు తొట్లకు వెనుకవైపు దీపమైనను, మెరయు పట్టీయైనను లేక చీకటిలో రోడ్డు ప్రక్కన నిలిపియుంచుట మరియొక ఘాతుకము. పాదచారి దానిని చుట్టిరావలెను. వెనుకవచ్చు బండి దానిని తప్పింపబోయి వానిపై బడును. ఎఱ్ఱని మెరుపుపట్టీ వెల ఒక పూట కాఫీఖర్చునకు మించదు. ట్రాక్టరు కొన్నవానికి పట్టీ కొనుటకు రూపాయలు లేవనిన నమ్మువారెవ్వరు?

ఇక పాదచారులకు మేము చెప్పదలచినది. పై వారందరు తమ ధర్మమును నెరవేర్చువరకు పాదచారి ప్రాణము వేచియుండజాలదు. కావున కాలిబాట లేని రోడ్డుపై కుడివైపు అంచున, ఎదురుగవచ్చు బండ్లకు అభిముఖముగ నడువవలెను. వెనుకనుండి వచ్చు అపాయమును చూడజాలము. ఎదుటినుండి వచ్చుదానిని తప్పుకొనవచ్చును. ఇద్దరు ముగ్గురు ప్రక్కప్రక్కల గాక ఒకరి వెనుక నొకరు నడువవలెను. గుంపుగ పోవునప్పుడు మొదటివాడును కడపటివాడును టార్చిలైటు పట్టుకొనవలెను. కంబళిపై తెల్లని తువ్వాలు వేసికొనుట కొంత మేలు. మెరుపుపట్టీ గల పైకోటు అంతకన్న మేలు. పురపాలకసంఘములు పారిశుధ్యకార్మికులకిచ్చు అట్టి కోట్లను గీతలు మాసి మెరుపు పోయినను మార్చుట లేదు. ప్రతి చలికాలమునకు ముందు మార్చవలెను. మఫ్లరును మెడకు చుట్టుకొనుడు, చెవులను విడువుడు. సెల్‌ఫోనును రోడ్డు దాటిన తరువాత చూచుకొనవచ్చును.

రోడ్డును పరుగున దాటరాదు. నిలిచిన లారీ, బస్సుల ముందునుండి దాటరాదు. రెండు దీపములు కనబడినప్పుడు బండి ఎంతదూరముననున్నదో చీకటిలో కన్ను సరిగ అంచనా వేయజాలదు. మనకు దీపము కనబడుచున్నది గాన వానికి మనము కనబడుచున్నామని తలచుట అనేకప్రాణములను తీసిన పొరపాటు. వానికి మనము కనబడుట లేదని తలచియే దాటవలెను. మంచు దట్టముగనున్న ఉదయమున ఆరోగ్యమునకై నడచు పెద్దలు ఎనిమిది గంటల తరువాత నడచినచో ఆరోగ్యమునకు లోటు లేదు. రోడ్డు విడిచి పాఠశాలామైదానమున నడచినచో మరియు మంచిది.

అయ్యప్పదీక్షలో నున్న వేలకొలది భక్తులు ఈ కాలమున నల్లని వస్త్రములు ధరించి తెల్లవారకమునుపే స్నానమునకును పూజకును పోవుదురు. కొందరు దూరప్రయాణములు గూడ కాలినడకను సాగింతురు. నలుపు వారి దీక్షానియమము. దానిని మార్చుకొనుమని మేము చెప్పము. కాని సంచికి నొక మెరుపుపట్టీ కుట్టుకొనుటకు ఏ నియమమును అడ్డురాదని గురుస్వాములు చెప్పినచో శిష్యులు తప్పక విందురు. తిరుమలకు నడచిపోవు బృందములకును ఇదియే మనవి. వాకిట ముగ్గులు వేయు మా సోదరీమణులకు గూడ నొక మాట. వీధి రోడ్డయిపోయినది, గడపముందే బండ్లు పోవుచున్నవి. వంగి నేలచూపుతో నున్న మనుష్యురాలు బండివానికి రాయివలె కనబడును. ముగ్గు వేయునంతసేపు వీధిదీపముగాక ఇంటిదీపము నొకదానిని వాకిటికి తెచ్చుకొనుడు. ఇంటి పురుషుడొకడు రోడ్డువైపు నిలువబడుట వానికి తలవంపు కాదు. ముగ్గు వేయునది ఆమె, పండుగ ఇంటిల్లిపాదిది.

ఇన్ని జాగ్రత్తలును మించి ప్రమాదము జరిగినచో చుట్టుప్రక్కలవారు దూరముగ నిలిచి చూచుట ఇంకను పోలేదు. పోలీసులు వేధింతురను భయము పాతది. 2019 సవరణ ప్రకారము ప్రమాదములో దెబ్బతిన్నవారికి సద్భావముతో తోడ్పడినవారిపై సివిలు దావాయైనను క్రిమినలు కేసైనను చెల్లదు; పేరు చెప్పుమని నిర్బంధించుటకు పోలీసులకు గూడ అధికారము లేదు. 108కి ఫోనుచేసి, రక్తము కారుచోట గుడ్డతో అదిమిపట్టి, మంచులో మరియొక బండి పైకి రాకుండ ముందుగ నొకడు దీపము పట్టి నిలువవలెను. గుర్తు తెలియని వాహనమువలన మరణించినవారి కుటుంబమునకు రెండులక్షల రూపాయలును, తీవ్రముగ గాయపడినవారికి ఏబదివేల రూపాయలును ఇచ్చు పథకము 2022 ఏప్రిలునుండి అమలులోనికి వచ్చినది. దానికి అర్జీ పెట్టవలెనని ఎరుగక ఎన్ని కూలికుటుంబములు ఊరకున్నవో! ఊరిలో చదువుకొన్నవారు ఈ ఒక్క కాగితము వ్రాసిపెట్టిన పుణ్యమగును. మేము పైన చెప్పిన ముసలికూలి కుమారునకు ఆ మాట చెప్పినవారు చాలకాలము వరకు లేకపోయిరి.

నడచు హక్కు మన జాతికి చిన్నమాట కాదు. 1924లో తిరువాంకూరు సంస్థానమున వైకోము దేవాలయము చుట్టునున్న వీధులలో నడచుటకై సత్యాగ్రహము జరిగినది. అడిగినది ఆలయప్రవేశము గూడ కాదు, వీధిలో నడక మాత్రమే. 1930లో మహాత్ముడు సబర్మతినుండి దండివరకు ఇరువదినాలుగు దినములు నడచి ఒక సామ్రాజ్యమును కదలించెను. కాలినడకను అంత గౌరవించిన దేశమున నేడు కాలినడకను పోవువాడు రోడ్డుమీద అందరకును అడ్డమైనవాడుగ నెంచబడుచున్నాడు. బండి లేకపోవుట నేరమైనట్లు, ఆ నేరమునకు శిక్ష మరణమైనట్లు మన రోడ్లు నడచుచున్నవి. రోడ్డు రాజుగారిదిగ నుండిన దినములు పోయినవి. బండిగలవానిది యగుటకు మనము స్వరాజ్యము తెచ్చుకొనలేదు.

మా పాఠకులను మేము పెద్దకార్యమేమియు కోరుట లేదు. భూస్వాములు ఈ కోతలకే ధాన్యమునకు రోడ్డు కాక వేరుచోటు చూపింతురుగాక. వర్తకులు తమ దుకాణముముందు ఆరడుగులు విడుతురుగాక. బండ్లవారు మంచులో దీపము దించి, వేగము తగ్గింతురుగాక. రాబోవు సంక్రాంతికి ఊరిలోనికి వచ్చు ధాన్యముతో బాటు, ఆ ధాన్యమును కోసిన స్త్రీ గూడ క్షేమముగ ఇల్లు చేరినప్పుడే అది పండుగ. లేనియెడల మూడు పంక్తుల వార్తను మరల మేము అచ్చువేయవలసి వచ్చును. ఊరి పేరు మాత్రము మారియుండును.